బోనెట్ తెరవకముందు

ఎల్లస్వామి కిరసనాయిలులో ముంచిన గుడ్డతో పానాలు ఒక్కొక్కటే తుడిచి రేకు డబ్బాలో పేర్చుకుంటున్నాడు. చిన్నవి ముందు, పెద్దవి వెనక. మిల్లు సైరన్ మోగి కాసేపయింది. ములుగు రోడ్డు మీద పాలవాళ్ల సైకిళ్లు పలచబడి, కూరగాయల బండ్లు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా గట్టిపడిన షెడ్డు నేల మీద ఎండ ఇంకా పడలేదు. చేతులు తుడుస్తూనే ఉన్నాయి గానీ అతని చూపు గేటు మీదే ఉంది.

యోసేపు ఇంకా రాలేదు.

యోసేపు ఆలస్యంగా వస్తే ఎల్లస్వామికి ఒక మంట, తొందరగా వస్తే ఇంకో మంట. ఆలస్యంగా వచ్చినా షెడ్డు నడిపే షేటు వీరభద్రం ఏమీ అనడు, అదొకటి. తొందరగా వస్తే ఎదురుగా ఉన్న హోటల్ నుంచి మొదటి చాయ్ అతనికే వస్తుంది, అది మరొకటి. ఒకే నేల మీద, ఒకే రేకుల కప్పు కింద ఇద్దరూ ఇన్నేళ్లు పనిచేశారు. వయసు కూడా ఒక్కటే. అయినా షెడ్డులోకి లారీ వచ్చిందంటే డ్రైవరు తల బయటికి పెట్టి అడిగే మాట మాత్రం ఎప్పుడూ ఒక్కటే. "యోసేపన్న ఉన్నడా?"

ఎల్లస్వామి పొట్టి మనిషి. లారీల కింద పడుకొని పడుకొని కుడి భుజం కాస్త పైకి లేచి ఉంటుంది. ఎడమచేతి బొటనవేలు ఒకప్పుడు ఫ్యాను రెక్క తగిలి చదునైపోయింది. మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటాడు. ఆ సవరించుకునే లోపల ఎదుటివాడు ఇంకో మాటలోకి వెళ్లిపోతాడు. అతని భార్య సమ్మమ్మ ఎన్నోసార్లు అంది, "నిద్రల గూడ మొకం వంకర్లు తిప్పుతవు, నోరు మాత్రం తెరువవు. ఏం మనిషివయ్యా?" అని. ఇంకో మాట కూడా అనేది. "దేవుని పేరన్న అన్ని మార్లు తల్సుకుంటవో లేదో గని యోసేపు పేరు మాత్రం దినాం తీస్తవు."

అది నిజమే. అన్నం ముందు కూర్చున్నా యోసేపే. బజారులో కొత్త లుంగీ కొన్నా, యోసేపు లుంగీ అంచు దీనికంటే బాగుంటుందని గుర్తొచ్చేది.

ఇద్దరూ రాజమల్లు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు. వావి ఏమీ లేకపోయినా చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు. రాజమల్లు ఉస్తాద్ ఈ షెడ్డులో ఒక పద్ధతి పెట్టి పోయాడు. కూతపెడుతూ లారీ వస్తే దాని బోనెట్ ఎవరూ వెంటనే తెరవకూడదు. డ్రైవరు ఇంజను ఆపకూడదు. మిస్త్రీలిద్దరూ చెరో మడ్‌గార్డు దగ్గర నిలబడాలి. బోనెట్ మూసి ఉండగానే, చెవితో విని, దోషం ఏమిటో ఎవరు ముందు చెబితే ఆ బండి వాళ్లది. రెండోవాడు ఆ బండి పని అయ్యేదాకా పానాలు అందివ్వాలి. అడిగితే తప్ప నోరు విప్పకూడదు. ఇద్దరు నోళ్లు పెడితే బండి పాడవుతుందని ఉస్తాద్ నమ్మకం. ఉస్తాద్ పోయాక కూడా వీరభద్రం ఆ పద్ధతి మానలేదు. అది చూడటానికి డ్రైవర్లు బీడీలు ముట్టించుకొని గుంపుగా చేరేవాళ్లు.

మొదట్లో ఇద్దరూ గెలిచేవాళ్లు. తర్వాత యోసేపు ఎక్కువ గెలిచాడు. ఈ ఏడాదైతే మరీ. ఎల్లస్వామి ఒక్కసారి కూడా ముందు చెప్పలేకపోయాడు. అసలు బాధ ఏమిటంటే, అతనికి ప్రతిసారీ తెలుసు. బెల్టు వదులైతే ఇంజను లేపినప్పుడు ఒక్కసారి పెద్దగా అరిచి తర్వాత సద్దుమణుగుతుంది. పుల్లీ వంకరైతే పిచ్చుక పిల్లలాగా కిచకిచమంటూ ఒకే వరసలో కూస్తుంది. బేరింగు పోతే ఆ కూత కింద ఇసుక నమిలినట్టు ఒక గరగర ఉంటుంది. ఇవన్నీ ఎల్లస్వామి చెవిలో స్పష్టంగా పడేవి. మాట నాలుక చివరకు వచ్చేది. ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి విందామని ఆగేవాడు. ఆ ఆగిన క్షణంలోనే అవతలి మడ్‌గార్డు దగ్గర నుంచి యోసేపు అదే మాట చెప్పేసేవాడు. అచ్చం అదే మాట. తన నోట్లో వేలు పెట్టి తీసుకున్నట్టు ఉండేది.

అంతకంటే ఓర్చుకోలేనిది అతని చూపు. బండి కూస్తున్నంతసేపూ యోసేపు బోనెట్ వైపు చూడడు. మోచేతులు మడ్‌గార్డుకు ఆనించి ఎల్లస్వామి ముఖంలోకే కళ్లార్పకుండా చూస్తాడు. 'ఏం బావా, చెప్పవా? నేనే చెప్పాలా?' అని ఎగతాళి చేసినట్టు ఉండేది ఆ చూపు.

ఒక్కసారి, అతను ఎదురుగా ఉండగా, బోనెట్ మూసి ఉండగా, అందరి ముందూ తన నోటి నుంచి ముందు రావాలి. ఎల్లస్వామి కోరికల్లో మిగిలింది అదొక్కటే. ఇల్లు పెద్దది కావాలని లేదు. షేటు మెచ్చుకోవాలని కూడా లేదు. ఆ ఒక్క మాట ముందు చెప్పాలి.

యోసేపు వచ్చాడు. పొడుగు మనిషి. తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించి, పని బట్టలు వేసుకున్నాడు. రోజూలాగా హోటల్ వైపు చూసి చెయ్యి ఊపలేదు. ఎవరితోనూ పరాచికాలు ఆడలేదు. మూలన డ్రమ్ము దగ్గర, అందరికీ వీపు పెట్టి కూర్చొని డీజిల్‌లో నాజిళ్లు కడగడం మొదలుపెట్టాడు. చాయ్ మాత్రం ముందు అతని దగ్గరికే వచ్చింది. ఎల్లస్వామి ఆ గ్లాసులోని ఆవిరి వైపు చూసి, పానాలను మళ్లీ మొదటి నుంచీ తుడవసాగాడు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చే వేళకు రోడ్డు అవతల నుంచే ఒక లారీ కూత వినిపించింది. పంది పిల్ల కాలు తొక్కినట్టు అరుపు. దారిన పోయేవాళ్లు చెవులు మూసుకున్నారు. కేసముద్రం రాంచందర్ బండి అది. వాడు ఇంజను ఆపకుండానే తలుపు తీసి కిందికి దూకాడు.

"యోసేపన్న ఏడి? జర జల్ది జూడుమను. గూడ్స్ షెడ్డుల ఎరువు బస్తాలు ఎక్కిచ్చుకొని పొద్దుగూకె యాళ్లకు ఏటూరునాగారం దారి పట్టాలె నేను."

"నేనుండంగ కండ్లకు ఆన్తలేనా?" అన్నాడు ఎల్లస్వామి.

"ఆన్తానవే. ఆయన గూడ ఉంటె మంచిదని అంటాన. గంత కోపమెందుకే?"

వీరభద్రం తన గదిలోంచి గట్టిగా కేక వేశాడు. "యోసేపూ, బండొచ్చింది."

యోసేపు వెనక్కి తిరగలేదు. డీజిల్ కారుతున్న చెయ్యి ఒకటి పైకెత్తాడు. "కానియ్యిండ్రి షేటూ. బావ జూస్తడు."

ఎల్లస్వామి ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చింది. ఇంత చిన్న పనికి యోసేపు లేచి రావడం దండగ అన్నమాట! చిన్నపిల్లవాడికి వదిలేసినట్టు వదిలేశాడు. బీడీలు పట్టుకొని చేరిన నలుగురు డ్రైవర్లు అవతలి మడ్‌గార్డు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. ఎల్లస్వామి మాత్రం ఇవతల నిలబడ్డాడు. ఇన్నాళ్లూ తనను గుచ్చిన ఆ చూపు ఇవాళ లేదు. లేనందుకు హాయిగా ఉండాలి. ఏదో తడుముకుంటున్నట్టు ఉంది.

"రేస్ చెయ్యి," అన్నాడు.

రాంచందర్ ఇంజను లేపాడు. కూత ఒక్కసారి చెవులు చీల్చి, తర్వాత సన్నగిల్లింది. మళ్లీ లేపాడు. మళ్లీ అంతే. గరగర లేదు. కిచకిచ లేదు.

ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకునే లోపల ఎవరూ ఏమీ అనలేదు. "బెల్టు వదులైంది. బేరింగులల్ల దోషం లేదు," అన్నాడు. తన గొంతు తనకే బొంగురుగా వినిపించింది.

బోనెట్ లేపారు. ఫ్యాను, నీళ్ల పంపు, డైనమో, మూడింటినీ తిప్పే బెల్టు అది. పక్కలు అరిగి నల్లద్దంలా మెరుస్తోంది. వేలు పెట్టి నొక్కితే పాత నులక మంచంలాగా లోపలికి దిగిపోయింది. వేలికి ఏదో తెల్లగా అంటుకుంది. ఎల్లస్వామి వాసన చూశాడు.

"సబ్బు రుద్దినవా దీనికి?"

రాంచందర్ నాలుక కరుచుకున్నాడు. "నెక్కొండ కాడ రుద్దిన. ఊకె ఒర్రుతాంటె ఏంజెయ్యాలె? క్లీనరు నూనె పోద్దామన్నడు, నేనే వద్దన్న."

"బెల్టుకు సబ్బు రుద్ది తానం జేపిచ్చినవు. ఇగ పౌడరు గూడ అద్దకపోయినవ్?"

డ్రైవర్లు నవ్వారు. ఎల్లస్వామి మాటకు షెడ్డులో మనుషులు నవ్వడం చాలా రోజులైంది. గెలిచాడు. నోటి నుంచి ముందు వచ్చింది. అయితే అన్నంలో ఉప్పు మరిచిపోయినట్టు ఉంది ఆ గెలుపు. ఎదుట మనిషి లేకుండా గెలవడమేమిటి?

పద్ధతి ప్రకారం యోసేపు లేచి వచ్చాడు. చేతులు తుడుచుకొని పానాల డబ్బా పట్టుకొని పక్కన నిలబడ్డాడు. అడిగిన పానా అందించాడు. తల దించుకొని నేలను చూస్తున్నాడే తప్ప ఎల్లస్వామి ముఖం వైపు ఒక్కసారి కూడా కళ్లెత్తలేదు. ఎల్లస్వామి పాత బెల్టు కోసి పారేసి, కొత్తది ఎక్కించి, డైనమోను వెనక్కి లాగి బోల్టు బిగించాడు. బొటనవేలితో బెల్టు నడుమ నొక్కాడు. వేలి మందమే దిగింది. సరిగ్గా ఉస్తాద్ నేర్పిన లెక్క. ఇంజను పెడితే కూత లేదు.

"శభాష్!" అన్నాడు రాంచందర్. అని ఊరుకుంటే బాగుండేది. యోసేపు వైపు తిరిగాడు. "ఏమన్నా, మంచిగైనట్టేనా?"

"బావ జూసిండు గదా," అన్నాడు యోసేపు. అవుననీ అనలేదు. కాదనీ అనలేదు.

ఆ మాట ఎల్లస్వామి పక్కటెముకల్లో గుచ్చుకుంది. వీడికేదో తెలుసు. తనకు వినపడనిదేదో విన్నాడు. దారిలో బండి ఆగిపోయి తాను నవ్వులపాలయ్యే దాకా నోరు మూసుకొని చూస్తాడు. అందుకే పొద్దున లేవలేదు. అందుకే తనకు వదిలేశాడు. ఎల్లస్వామి మళ్లీ చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అతన్ని ఇంకా భయపెట్టింది.

అడగవచ్చు. 'ఏమంటవు బావా' అంటే చాలు. పద్ధతి అడగొద్దని చెప్పలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చి చేప ముల్లులా అడ్డం పడింది. గెలిచిన రోజున అడగడమా? అడగడానికి బదులు ఎల్లస్వామి బోల్టు వదులు చేసి, ఇనుప కడ్డీ దూర్చి డైనమోను ఇంకా వెనక్కి లాగాడు. ఇంకొంచెం లాగాడు. బెల్టు ఏక్‌తార తీగలా బిగుసుకుపోయింది. ఇప్పుడు ఏ దోషం ఉన్నా బెల్టుకు నోరు పెగలదు. ఎక్కువ బిగిస్తే బెల్టు అరవదు గానీ నీళ్ల పంపు బేరింగును లోలోపల తినేస్తుందని ఉస్తాద్ చెప్పిన సంగతి అతనికి తెలియక కాదు.

యోసేపు చెయ్యి చాచి బెల్టును ఒకసారి నొక్కి చూశాడు. అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు.

"ఏంది?" అన్నాడు ఎల్లస్వామి.

"అడుగుతానవా?"

"లేదు."

"మంచిది," అని యోసేపు పానాలు డబ్బాలో పెట్టాడు. ఎల్లస్వామి బోనెట్‌ను దడేలున మూశాడు. రాంచందర్ హారన్ కొట్టుకుంటూ గూడ్స్ షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

పగటి అన్నం వేళ యోసేపు షేటు గదిలోకి వెళ్లాడు. ఎల్లస్వామి గోడకు ఆనుకొని టిఫిను విప్పుకున్నాడు. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. కాసేపటికి వీరభద్రం బయటికి వచ్చాడు. లావుపాటి మనిషి. చెమటలు పట్టి ఉన్నాడు.

"ఇన్నవా ఎల్లస్వామీ? యోసేపు పోతాడట. ఇయ్యాలనే. పొద్దుగూకె పాసింజరుకు."

"యాడికి?"

యోసేపు గుమ్మంలో నిలబడి అన్నాడు, "డోర్నకల్ అవుతల, అత్తగారి ఊరికి. మామ పోయినంక పొలం జూసేటోళ్లు లేరు. ఇగ ఆడనే ఉంటం."

"నువ్వు పోతె ఈ షెడ్డు ఏంగావాలె?" వీరభద్రం గొంతు నిజంగానే వణికింది. "చెవులు కోసుకపోయినట్టే గదర నాకు."

"ఎల్లస్వామి ఉండంగ మీకేం ఫికరు షేటూ?"

హోటల్ దగ్గర ఎవరో దగ్గారు. ఎల్లస్వామి నోట్లో రొట్టె ముద్ద తిరగలేదు. పోతూ పోతూ కూడా ఎగతాళేనా? హోటలువాడు పొట్లంలో లడ్డూలు పట్టుకొచ్చి యోసేపు చేతిలో పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరు డ్రైవర్లు అతన్ని కౌగిలించుకున్నారు. ఎల్లస్వామికి యోసేపు వెళ్లిపోతున్నాడన్న సంతోషం కలగలేదు. అతని వెళ్లిపోవడం మీద కూడా అసూయ పుట్టింది. రేపు తాను పోతే ఎవరు లడ్డూలు తెస్తారు? షేటు గొంతు ఎందుకు వణుకుతుంది? రెండు రోజులు పోయాక, 'ఆ పొట్టి మిస్త్రీ కనిపిస్తలేడేంది' అని ఎవరైనా అడిగితే గొప్పే.

యోసేపు అతనికి చేసిన చెడు ఒక్కటీ లేదు. అది ఇంకా కష్టంగా ఉండేది. ఒకసారి పచ్చకామెర్లతో ఎల్లస్వామి లేవలేకపోతే యోసేపు వీపు మీద వేసుకొని దవాఖానకు మోసుకెళ్లాడు. బతికి వచ్చాక వాడకట్టంతా 'యోసేపు ఎంత మంచోడు' అంది. ఎల్లస్వామి బతికాడని సంతోషించినవాళ్లు తక్కువ, మోసినవాడిని మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ. ఆ వీపు ఎక్కినందుకు అతను తనను తానే చాలా రోజులు తిట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా షెడ్డు ముందు రిక్షా ఆగింది. మార్తమ్మ దిగింది. యోసేపు భార్య. తెల్లచీర, చేతిలో బట్టల మూట. రిక్షాలో ఒక ట్రంకుపెట్టె. యోసేపు అప్పుడు కొళాయి దగ్గర వీపు ఇటు పెట్టి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటున్నాడు.

"ఏమయ్యా, రిక్షా వచ్చింది," అని పిలిచింది మార్తమ్మ. సన్నని గొంతు. యోసేపు తిరగలేదు. రెండోసారి పిలిచింది. తిరగలేదు. ఆమె నడిచి వెళ్లి మోచేయి పట్టుకుంది. అప్పుడు తిరిగి నవ్వి, ఏదో చెప్పి, తెల్లచొక్కా వేసుకొని షేటు గదిలోకి వెళ్లాడు.

కట్టుకున్నదాని పిలుపుకు కూడా వెంటనే తిరగడు, ఎంత పొగరు అనుకున్నాడు ఎల్లస్వామి.

మార్తమ్మ అతని దగ్గరికి వచ్చింది. "మంచిగున్నవా అన్నా? సమ్మక్కకు చెప్పిపోదామని ఇంటికి పోతె తాళమున్నది."

"సంతకు పోయింది."

"నువ్వు చెప్పు మరి. ఆయన నీకు అంతా చెప్పే ఉంటడు."

"నాకెందుకు చెప్తడు? పొలమట గదా."

మార్తమ్మ అతని వైపు వింతగా చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొలం ఎప్పటి నుంచో ఉన్నదన్నా. ఆయనకు ఇనపడ్తలేదు. నీకు తెల్వదా?"

"ఇనపడ్తలేదా? నాతోటి మాట్లాడుతాండు గదా."

"మగోళ్ల గొంతు ఇనపడ్తది. బండ్ల మోత ఇనపడ్తది. సన్న సప్పుళ్లే ఇనపడయి. నా గొంతు ఆయన చెవుల బడక ఏడాది దాటింది. పిట్టలు గూడ కూస్తలేవంటడు. దవాఖానల జూపిచ్చినం. పోయింది ఇగ రాదన్నరు."

"మరి బెల్టులు... బోనెట్ మూసి ఉండంగనే చెప్తుండె గదా?"

మార్తమ్మ తప్పు తానే చేసినట్టు తల దించుకుంది. "నీ మొకం జూసి చెప్తుండెనట అన్నా. బెల్టు వదులైతె నీ బొటనవేలు ఆడ్తదట. బేరింగైతె పండ్లు కొరుకుతవట. పుల్లీ వంకరుంటె ఒక కన్ను చిన్నగ జేస్తవట. ఇంటికొచ్చి జేసి సూపిచ్చి నవ్వేటోడు. నవ్వి నవ్వి గోడ దిక్కు మల్లుకొని పండేటోడు." ఆమె ఆగింది. "ఇయ్యాల మాత్రం బావ మొకం జూడనన్నడు. పొయ్యే రోజన్న ఆయన గెలుపు ఆయనకుండాలె అన్నడు."

ఎల్లస్వామికి ముందు వచ్చింది జాలి కాదు. దొంగ! ఏడాది పొడుగునా తన ముఖంలోంచి దొంగిలించాడు. ఆ చాయ్‌లు తనవి. ఆ శభాష్‌లు తనవి. రోడ్డు మీద లారీ ఆపి 'యోసేపన్నా' అని పిలిచిన పిలుపులన్నీ తనవి. ఆ కోపం అడుగునే, చాలా మెల్లగా, ఇంకొకటి తెలిసింది. ఏడాదిగా ఒక్క బండి కూడా తాను తప్పు వినలేదు. ఒక్కటి కూడా. పొద్దున కూడా సరిగ్గానే విన్నాడు. ఆ రెండోసారి బిగింపు ఒక్కటే తన చెవి చెప్పింది కాదు. యోసేపు మీది అనుమానంతో బిగించాడు.

యోసేపు గదిలోంచి వచ్చాడు. లడ్డూల పొట్లం మార్తమ్మకిచ్చి, ఎల్లస్వామి ఎదురుగా నిలబడ్డాడు. భార్య ముఖం చూసి, ఎల్లస్వామి ముఖం చూశాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"పోతాన బావా," అన్నాడు.

అనవలసిన మాటలు ఎల్లస్వామికి చాలా ఉన్నాయి. ముఖం మీద ఉమ్మేసేవి కొన్ని, కాళ్లు పట్టుకునేవి కొన్ని. గొంతు సవరించుకున్నాడు. యోసేపు కదలకుండా ఆగాడు.

"ఆ బెల్టు ఎక్కువ బిగిచ్చిన్నా?"

"అడుగుతానవా?"

"అడుగుతాన."

"వేలు దిగలే. అడివి దారి, మీద నిండు లోడు. నీళ్ల పంపు బేరింగు తింటది." యోసేపు నవ్వాడు. "నువ్వు అడగకున్నా టేషనుకు పోయేది ఆడికెల్లే గదా, నేనే ఆపి రాంచందర్‌కు చెప్తుంటి."

"వద్దు," అన్నాడు ఎల్లస్వామి గబగబా. "నా బండి అది. నేను పోత."

"పో మరి. నీదే."

ఎల్లస్వామి రెండు పానాలు జేబులో వేసుకొని, షేటు సైకిలు తీసుకొని రోడ్డెక్కాడు. ఆజంజాహి మిల్లు దగ్గర షిఫ్టు దిగినవాళ్లు గుంపులుగా అడ్డం వస్తున్నారు. వాళ్లను తప్పించుకొని పోయే లోపల రిక్షా అతనికంటే ముందు పడింది. స్టేషను దారి మలుపులో దాన్ని అందుకున్నాడు. ఎందుకో బెల్లు కొట్టాడు. ఒకటికి నాలుగుసార్లు కొట్టాడు. మార్తమ్మ తిరిగి చూసి చెయ్యి ఊపింది. యోసేపు ట్రంకుపెట్టె మీద చెయ్యి వేసుకొని నేరుగా ముందుకే చూస్తున్నాడు. ఎల్లస్వామి తొక్కుడు పెంచి రిక్షాను దాటేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

గూడ్స్ షెడ్డులో హమాలీలు చివరి బస్తాలు మోస్తున్నారు. ఎరువు ఘాటుకు కళ్లు మండుతున్నాయి. రాంచందర్ తాడు బిగిస్తూ కనిపించాడు.

"ఏందే, మల్లొచ్చినవ్?"

"బోనెట్ తెరువు."

బోల్టు వదులు చేసి డైనమోను ముందుకు జరిపాడు. చదునైన బొటనవేలితో నొక్కాడు. ఇంకా కొంచెం. మళ్లీ నొక్కాడు. వేలి మందమే దిగింది. బిగించి, బోనెట్ మూసి, ఇంజను పెట్టమన్నాడు.

మడ్‌గార్డు దగ్గర నిలబడి విన్నాడు. తన ముఖం ఏం చేస్తోందో మొదటిసారి అతనికి ధ్యాసలోకి వచ్చింది. కదలకుండా పెట్టాలని చూశాడు. పెదవులు బిగించాడు. బిగించేసరికి ఏమీ వినపడలేదు, ఇంజను మోత ఒక ముద్దలాగా ఉంది. చివరికి విసుగు పుట్టి ముఖాన్ని దాని ఇష్టానికి వదిలేశాడు. అప్పుడు ఒక్కొక్కటే విడివిడిగా వినిపించాయి. ఫ్యాను గాలి, పంపు తిరగడం, డైనమో. దేనిలోనూ దోషం లేదు. చాలాసేపు అట్లాగే విన్నాడు. వినవలసిన దానికంటే ఎక్కువసేపే విన్నాడు.

"బందు జెయ్యి," అన్నాడు.

ఇంజను ఆగాక తెలిసింది, అవతల ప్లాట్‌ఫారం ఖాళీగా ఉందని. పాసింజరు వెళ్లిపోయింది. ఎప్పుడు కదిలిందో ఈ మోతలో తెలియనే లేదు. పట్టాల మీద ఒక కుక్క నడుస్తోంది.

రాంచందర్ పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "యోసేపన్న చెప్పి పంపిండు గదా? నేను అనుకుంటనే ఉన్న."

ఎల్లస్వామి చేతులు తుడుచుకున్నాడు. కాదు, నేనే విన్నాను, ఏడాదిగా నేనే వింటున్నాను అని ఊరంతా వినపడేలా అరవాలనిపించింది. అరిస్తే ఎవరూ కాదనరు. కాదనవలసినవాడు నెక్కొండ దారిలో ఉన్నాడు.

"ఆ," అన్నాడు. "ఆయనే చెప్పిండు."

అన్న మరుక్షణమే ఆ పాత మంట మళ్లీ భగ్గుమంది. సైకిలు తిప్పుకొని, దారిపొడుగునా తనను తాను తిట్టుకుంటూనే వచ్చాడు.

షెడ్డుకు చేరేసరికి చీకటి పడబోతోంది. వీరభద్రం తాళం చేతిలో పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. "పొద్దుగాల ఇల్లెందు బండొస్తది. కూత పెడ్తాందట," అన్నాడు. ఎల్లస్వామి ముఖంలోకి ఒకసారి చూసి సైకిలు తీసుకున్నాడు.

పానాలు డబ్బాలో పెట్టడానికి ఎల్లస్వామి లోపలికి వెళ్లాడు. వెనక వరసలో, చక్రాలు విప్పి మొద్దుల మీద నిలబెట్టిన లారీ ఉంది. నిన్న సాయంత్రం దాకా యోసేపు దాని కిందే పడుకొని పనిచేశాడు. ఎల్లస్వామి వంగి చూశాడు. లారీ కింద గోనెసంచి పరిచినది పరిచినట్టే ఉంది. దాని మీద నూనె మరకల మధ్య ఒక తల, వెడల్పాటి రెండు భుజాలు, పొడుగాటి వీపు పడుకున్న మేర మాత్రం నూనె అంటకుండా తెల్లగా మిగిలి ఉంది.